చేప పట్టుకుంటేనే బతికున్నట్టు

పొట్టిగాంలో ఎవరు బతికున్నారో, ఎవరు పోయారో ప్రతి చలికాలం తుంగచెరువులో చేపలే తేల్చి చెబుతాయి. అరవై దాటిన ప్రతి మనిషీ పుష్యమాసం వెళ్ళేలోగా కట్ట మీద కూర్చుని గాలం వేయాలి. చేప ఎర పట్టుకుంటే ఆ మనిషి బతికున్నట్టు. అప్పుడు పంచాయతీ కార్యదర్శి సుహాసిని వచ్చి, చేప నోరు చూసి, మనిషి ముఖం చూసి, కాగితం మీద ముద్ర వేస్తుంది. ఆ వెంటనే చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి. అది కొలువులో ఉన్న చేప. ఇంటికి తీసుకుపోయి పులుసు పెడితే సర్కారు పనికి అడ్డుపడ్డట్టు కేసవుతుంది.

ఇంతకుముందు ఈ పని వేలిముద్రల మిషను చేసేది. జన్మంతా నాగలి పట్టీ, బీడీలు చుట్టీ అరిగిపోయిన వేళ్ళు దానికి అంతుపట్టలేదు. తర్వాత కళ్ళలోకి చూసే మిషను తెచ్చారు. పొర కమ్మిన కళ్ళలో దానికీ ఏమీ కనబడలేదు. చివరికి పై ఆఫీసులో ఎవరో, చచ్చినవాడి గాలానికి చేప పడదు కదా అన్నారట. ఆ మాటే ఆర్డరుగా దిగింది. చలికాలమే ఎందుకంటే, ఎండాకాలం చేప ఆకలి మీద ఉంటుంది, ఎవరి ఎరనైనా పట్టేస్తుంది, అలాంటి సాక్ష్యం నిలవదని జవాబొచ్చింది. చలికి ఇగం పట్టిన నీళ్ళలో చేప అడుగుకు దిగి, బురదను ఆనుకుని, రెక్క కూడా కదపకుండా పడుంటుంది. అంతటి బద్ధకంలోనూ నోరు తెరిచిందంటే, గట్టు మీద నిజంగా మనిషి ఉన్నట్టే.

ఆశన్నకు చెరువు కొట్టినపిండి. ఏ గాలికి చేప ఏ ఒడ్డుకు చేరుతుందో, నీళ్ళ మీద తేలే జొన్నబెండు వంగడానికీ మునగడానికీ తేడా ఏమిటో అతనికి చిన్నప్పుడే తెలుసు. పోయిన ఏళ్ళన్నీ ఊరందరికంటే ముందు అతనే బతికినవాడు. ఈ ఏడు మాత్రం పుష్యం ముగింపుకొచ్చినా అతని గాలాన్ని చిన్న పరక చేప కూడా ముట్టలేదు.

తప్పు చేపలది కాదు, ఊరిది. పొట్టిగాంలో పని పడ్డవాళ్ళ దగ్గరికి ఉత్త చేతులతో పోరు. పట్వారీ ఉన్న కాలం నుంచీ అది మర్యాద. చేపలకు ఈ అధికారం వచ్చిందని తెలిశాక ఆ మర్యాద చెరువుకూ మళ్ళింది. ఒకరు సత్తుపిండి చల్లారు. ఒకరు బూందీ పోశారు. పెద్దింటివాళ్ళు తట్టల కొద్దీ గారెలు తెచ్చి, గంప మీద గుడ్డ కప్పి, ఎవరూ చూడకుండా ముంచారు. గారెలు వేసినవాళ్ళకు మొదట్లో పని జరిగింది కూడా. అది చూసి మిగతావాళ్ళు మలీద ముద్దలు తెచ్చారు. చలికి చేపకు అరుగుదల మందం. పొట్టలు బిగిసి, చెరువులో చేపలన్నీ పండగ పూట అల్లుళ్ళలాగా వెల్లకిలా పడ్డాయి. ఇక ఏ గాలం వైపూ చూడలేదు.

"పొయ్యకుండ్రి, మీ దండం పెడ్త," అని ఆశన్న కట్ట మీద నిలబడి అందరికీ చెప్పాడు. "కడుపు నిండినోడు ఎవలి అర్జీ సూస్తడు?"

ఒక్కరూ మానలేదు. తాము మానితే పక్కింటివాళ్ళు పోస్తారని ప్రతివాళ్ళకూ భయం.

ఆశన్న పక్కన చలిమంట ఎగేస్తూ నడిపి గంగన్న కూర్చుని ఉన్నాడు. గంగన్న అతనికి వరసకు బావ, పోయిన చలికాలం చేప పడక చనిపోయాడు. పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళకు విస్తళ్ళు వేసి, కూర వడ్డించింది గంగన్నే. వంటవాడు ఆ రోజు రాలేదు.

"ఏం బావా, ఇంకా బతికే ఆలోచనల్నే ఉన్నవా?" అన్నాడు గంగన్న.

"సచ్చినోనివి, గమ్మున కూసో. అలికిడైతది."

"సచ్చిన కాడ సుఖమున్నది బావా. కరెంటోడు రాడు, సొసైటోడు రాడు. ఓట్ల నాడు ఒక్క పూట మాత్రం బతికిచ్చి, ఆటోల తోల్కపోయి, మల్ల పొద్దుగూకేటాల్లకు సంపి దించుతరు."

"ఇంటికాడ నర్సుబాయి బువ్వ పెడ్తున్నదా?"

"వాకిట్ల పెడ్తది. లోపలికి పిలిస్తె, మొగడు సచ్చి ఏడాది గాలే, అప్పుడే ఒక మొగోణ్ణి ఇంట్ల పెట్టుకున్నదని ఊరంటదట. పశుల కొట్టంల పంటున్న. బర్రె మంచిది, ఏమనది."

గంగన్నకు గాలం వేస్తే ఇప్పుడూ చేప పడేదే. ఆరు నెలల కింద ఒకటి పడింది కూడా. చచ్చిన మనిషి ఎరను ఎందుకు పట్టుకున్నావని సంజాయిషీ అడిగి, ఆ చేపను పంచాయతీ ఆఫీసు వెనక నీలం డ్రమ్ములో సస్పెన్షన్‌లో ఉంచారు. అప్పటి నుంచి గంగన్న మళ్ళీ గాలం ముట్టలేదు. ఒకరి కొలువు పోగొట్టే రకం కాదు.

మధ్యాహ్నానికి కార్యదర్శి సుహాసిని స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని కట్ట మీదికి వచ్చింది. వెనకే ఆశన్న భార్య లసుంబాయి జొన్నరొట్టె మూటతో వచ్చింది. లసుంబాయిని పుష్యం మొదట్లోనే ఒక జెల్ల చేప పట్టుకుంది. ఆమె బతికే ఉంది.

"బాపూ, రేపటితోని ఆఖరు," అంది సుహాసిని. "నీది పడకపోతె అవ్వను వితంతువుల కింద ఎక్కియ్యాలె. మెట్టెలు, పుస్తె తీసినట్టు నేను కండ్లార సూసి రాయాలె. నా చేతుల ఏమీ లేదు, ఏమనుకోకు."

"నా పెండ్లి నాటి మెట్టెలు బిడ్డా ఇవి," అంది లసుంబాయి. "వేళ్ళు లావై వాటిల్నే బిగిసిపోయినయి. అవి తియ్యాల్నంటె వేలు తియ్యాలె. వేలు తీసినట్టు రాస్కుంటవా?"

సుహాసిని కాగితం తిరగేసి చూసింది. "ఆ కాలమ్ లేదవ్వా ఈ ఫారంల," అంది.

లసుంబాయి మొగుడి వైపు తిరిగింది. "ఇగో, ఇనవడ్తుందా? నర్సుబాయి లెక్క నిన్ను కొట్టంల పండవెట్టుడు నాతోని గాదు. మనకు బర్రె గూడ లేదు. ఏం జేస్తవో జెయ్. రేపు పొద్దుగూకేలోపు నాకు మొగడు ఉండాలె."

ఆశన్న రొట్టె సగం తిన్నాడు. మిగతా సగం మూటగట్టాడు. బెండు చూసుకున్నాడు. లసుంబాయికి అర్థమైంది. అతను మాట్లాడకపోతే పని మొదలుపెట్టినట్టు.

మర్నాడు తెల్లవారి చెరువు మీద పొగలేస్తుండగా అతను అందరూ కూర్చునే కట్ట వదిలి, అలుగు అవతలి రాతి బండల మీదికి పోయాడు. అక్కడికి దారి లేదు, తుమ్మకంప అడ్డం. అందుకే గారెల తట్టలు అటు చేరవు. పొద్దు ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఆ బండలు ఎండ పీల్చుకుంటాయి. వాటి కింద నీళ్ళు, పిల్లి పడుకుని లేచిన గొంగడంత వెచ్చగా ఉంటాయి. సన్న దారం కట్టాడు. అన్నిటికంటే చిన్న గాలం తీసుకున్నాడు. ఎరకు తెచ్చిన వానపామును తుంచి, సగమే గుచ్చాడు. చలికాలం చేపకు పెద్ద ముద్ద చూపిస్తే భయపడుతుంది, చిన్నది చూపిస్తే ఆలోచిస్తుంది. ఆలోచించే చేపే అతనికి కావాలి.

చేతులు కొయ్యబారాయి. ముక్కు కారితే తుడుచుకోలేదు. ఒక నీటికాకి వచ్చి పక్క బండ మీద రెక్కలు ఆరబెట్టుకుని, అతన్నీ ఒక బండ అనుకుని, చాలాసేపు కూర్చుని పోయింది. కట్ట మీద జనం ఆఖరి రోజని బూందీ గంపలు బోర్లిస్తున్నారు. ఆ చప్పుడు నీళ్ళ మీదుగా వినిపిస్తూనే ఉంది. ఆశన్న అటు తల తిప్పలేదు. పొద్దు వాలుతుండగా బెండు మునగలేదు, కదలలేదు. వంగిందంతే, చెవిలో రహస్యం వినేవాడిలాగా. ఆశన్న మణికట్టు ఒక్క తిప్పు తిప్పాడు.

దారం బిగిసింది. కట్టె విల్లులాగా వంగింది. రవ్వ చేప, మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంటుంది, నీళ్ళలో పసుపుగా ఒకసారి మెరిసి మళ్ళీ లోపలికి లాగింది.

"పడ్డదే! లసుంబాయీ, పడ్డదే!" అని గంగన్న కట్ట మీది నుంచి అరిచాడు. తుమ్మకంప గీరుకుంటూ అందరికంటే ముందు అతనే వచ్చాడు. వెనక లసుంబాయి, ఆమె వెనక ముద్ర సంచితో సుహాసిని.

"ఆగు బాపూ, ఒడ్డుకు గుంజకు," అంది సుహాసిని రొప్పుతూ. "పొద్దుగాల కొత్త ఆర్డరొచ్చింది. అవతలి మండలంల ఎవడో పట్నం కెళ్ళి ఐసు చేప తెచ్చి గాలానికి గుచ్చి సూపిచ్చిండట. ఆ ఒక్క సచ్చిన చేప ఏడుగుర్ని బతికిచ్చింది. అందుకని ఇగ నుంచి చేప బతికే ఉన్నట్టు పట్టినోళ్ళే సాక్ష్యం చెప్పాలె."

"నేను చెప్తున్న గద. గుంజుతున్నది. బతికే ఉన్నది," అన్నాడు ఆశన్న.

"నువ్వు బతికున్నట్టు తేలితే గద బాపూ నీ సాక్ష్యం చెల్లేది."

"అది తేల్చేతందుకే గదా ఈ చేప."

"చేప బతికున్నట్టు తేలితే గద దాని సాక్ష్యం చెల్లేది."

గంగన్న గొంతు సవరించుకున్నాడు. "పోనీ నేను చెప్త. నా కండ్ల ముంగట్నే ఉన్నది."

సుహాసిని అతని వైపు జాలిగా చూసింది. లసుంబాయి తాను చెబుతానంది. పట్టినవాళ్ళే చెప్పాలని ఆర్డరులో స్పష్టంగా ఉంది. సుహాసిని బండ కొస మీద ఒంటికాలిపై నిలబడి, సిగ్నలు దొరకబుచ్చుకుని, పై ఆఫీసుకు ఫోను చేసింది. అవతలివాళ్ళు ఇంకా పైవాళ్ళను అడిగారు. పొద్దు చెరువంచును తాకేసరికి జవాబొచ్చింది.

"దారం బిగువుగ ఉన్నంతసేపు ఇద్దరూ బతికున్నట్టేనట," అంది సుహాసిని. "తాత్కాలికం. ఒడ్డుకు గుంజితె చేప సాక్ష్యం పోతది, ఒదిలితె నీది పోతది. పక్కా ఆర్డరు వచ్చేదాంక పట్టు సడలొద్దన్నరు."

"ఎన్నొద్దులు?" అంది లసుంబాయి.

"వచ్చేదాంక అవ్వా."

ఆశన్న కాళ్ళు బండకు తన్నిపెట్టి, కట్టె మొదలును పొత్తికడుపుకు ఆనించాడు. లసుంబాయి తన గొంగడి అతని భుజాల మీద కప్పింది. "మెట్టెలుంటయి గద మరి?" అని సుహాసినిని అడిగింది. "దారం ఉన్నంతసేపు ఉంటయి," అంది సుహాసిని. ముద్ర వేసి, పక్కన పెన్నుతో 'తాత్కాలికం' అని రాసింది.

మొదటి రోజులు కష్టంగా గడిచాయి. చేప లాగినప్పుడు ఆశన్న వదిలినట్టు చేసేవాడు, ఆశన్న తూగినప్పుడు చేప గుంజి లేపేది. రానురాను ఇద్దరికీ ఒకరి చెయ్యి ఒకరికి తెలిసింది. మాఘం పోయింది, ఎండలొచ్చాయి, వానలొచ్చి నీళ్ళు బండల మీదికి పెరిగితే ఆశన్న ఒక మెట్టు పైకి జరిగాడు. పక్కా ఆర్డరు రాలేదు. పై ఆఫీసువాళ్ళు వచ్చి చూసి, ఏడాదికోసారి ముద్ర వేయడం కంటే ఇది మెరుగైన పద్ధతని మెచ్చుకున్నారు. మనిషి ఏ క్షణంలో పోయాడో ఆ క్షణంలోనే తెలుస్తుంది.

వచ్చిన చలికాలానికి అదే అందరికీ నియమమైంది. మొదట ముసలివాళ్ళకు, తర్వాత పట్టా భూమి ఉన్నవాళ్ళకు, ఆ తర్వాత పేరంటూ ఉన్న ప్రతివాళ్ళకు. కట్ట పొడుగునా జనం కుడిచేత్తో కట్టె పట్టుకుని కూర్చున్నారు. ఎడమచేత్తో తింటారు, ఎడమచేత్తో బిడ్డల తల దువ్వుతారు. ఒక పెళ్ళి కూడా అక్కడే జరిగింది. పిల్లవాడు పుస్తె దారం ఒక కొస పట్టుకుంటే పిల్ల రెండో కొస పట్టుకుంది. ఇద్దరి ఎడమచేతులూ కలిసి మూడు ముళ్ళూ వేశాయి. సుహాసిని కూడా తూము దగ్గర కూర్చుని, ఒక చేత్తో గాలం పట్టి, రెండో చేత్తో ముద్రలు వేస్తోంది. లసుంబాయి ఆశన్న పక్క బండ మీదికి మారింది. ఆమె కట్టెకు జెల్ల, అతని కట్టెకు రవ్వ. మెట్టెల కాళ్ళు రెండూ చలికి చీర కుచ్చిళ్ళలో దాచుకుని కూర్చుంది.

ఊళ్ళో మిగతా పనులన్నీ చచ్చినవాళ్ళే చూసుకుంటున్నారు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నది వాళ్ళకే. ఒకరోజు పొద్దున్నే గంగన్న కొడవలి భుజాన వేసుకుని బండల దగ్గరికి వచ్చాడు.

"బావా, నీ చేన్ల కంది ఎండి గలగలంటున్నది. ఇయ్యాల కొయ్యకపోతే కాయ పగిలి నేలపాలైతది. నేను ఒక్కణ్ణి ఎన్ని సాళ్ళు కోస్త? ఇడిసిపెట్టరాదు ఆ కట్టె. ఇద్దరం కోసుకుంట ముచ్చట వెట్టుకుందాం."

ఆశన్న తన చేను వైపు చూశాడు. అక్కడ నుంచి అంచు మాత్రమే కనిపిస్తుంది, గోధుమరంగుగా, గాలికి అటూ ఇటూ ఊగుతూ. నీళ్ళ అడుగున చేప మెల్లగా గుంజింది. అతను దారం ఇంకొంచెం బిగించాడు.

"నువ్వే కోసుకో బావా," అన్నాడు. "నాకు తీరుబాటు యాడిది. బతికున్న గద."

గంగన్న వెనక్కి తిరిగాడు. దారిలో ఎదురైన చచ్చినవాళ్ళను ఇద్దరు ముగ్గురిని పిలుచుకుని, చేతులు ఊపుకుంటూ చేనులోకి దిగాడు.