మదర్‌బోర్డు హత్యకేసు

భూమండలం మీద నేటివరకు జన్మించిన అపరాధ పరిశోధకులలో ఇద్దరిని ఎంచవలసి వస్తే, రెండవవాడెవరన్న విషయమై పండితులలో భేదాభిప్రాయాలు ఉండవచ్చును. మొదటివాడు మాత్రం ఫిల్మ్‌నగర్‌లోని మూడంతస్తుల అపార్ట్‌మెంటులో మొదటి అంతస్తున కాపురముంటున్న త్రినాథరావు గారే. ఈ విషయంలో త్రినాథరావు గారికి అణుమాత్రమైనా సందేహం లేదు.

ముప్ఫై నాలుగేళ్లు కళాశాలలో ఆంగ్లం బోధించి పదవీ విరమణ చేసిన పిమ్మట ఆయన దృష్టి నేర ప్రపంచం వైపు మళ్లింది. ఇంతవరకు పదమూడు కేసులు చేపట్టారు. పాలప్యాకెట్ల కేసులో వాచ్‌మన్‌ను గంటసేపు ప్రశ్నించి వదిలిన మర్నాడు పిల్లి దొరికింది. చెప్పుల కేసులో మాయమైన జత, దర్యాప్తు సాగినంత సేపూ ఆయన కాళ్లకే ఉన్నది. తక్కిన పదకొండూ చెప్పుకోదగినవి కావు.

పద్నాలుగవది విజయదశమి మర్నాటి ఉదయం, కింది అంతస్తు సత్యలక్ష్మి గారి రూపంలో మెట్లెక్కి వచ్చింది.

"అన్నయ్యగారూ, నా కంప్యూటరు పోయిందండీ."

"పోయినదా, పోగొట్టబడినదా?" అన్నారు త్రినాథరావు గారు, భూతద్దం అందుకుంటూ. "ఈ రెంటి మధ్యనే, అమ్మా, నేరశాస్త్రమంతా ఉన్నది."

సత్యలక్ష్మి గారికి శాస్త్రం వినే ఓపిక లేదు. ఆవిడ ముప్ఫై ఏళ్లుగా సినిమాలకు సంభాషణలు రాస్తున్నది. తెర మీద పేర్లు మాత్రం ఎప్పుడూ వేరేవారివి. ఇన్నాళ్లకు జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆవిడ సొంత కథ వింటానన్నాడు. ఈ రోజే సాయంత్రం నాలుగింటికి. కథ నచ్చితే పేరు కూడా ఆవిడదే పడుతుంది. ఆ కథ సంభాషణలతో సహా ఆ పాత కంప్యూటరులో ఉన్నది. పొద్దున్నే చివరి సన్నివేశం సరిదిద్ది, ప్రింటు తీసుకుందామని మీట నొక్కితే, టప్పుమని శబ్దం, కాలిన వాసన, ఆపైన నిశ్శబ్దం.

"నోటితో చెప్పేయరాదూ వదినా?" అన్నది శారదాదేవి, త్రినాథరావు గారి శ్రీమతి.

"నలుగురిలో చెప్పిన అలవాటుంటే ముప్ఫై ఏళ్లు చాటున ఎందుకు కూర్చుంటాను వదినా? కాగితం చేతిలో లేకపోతే నాకు నోరు పెగలదు."

త్రినాథరావు గారు కిందికి దిగేసరికి కృష్ణానగర్ నుంచి వచ్చిన మెకానిక్ నర్సింహ కంప్యూటరు పెట్టె పక్క రేకు విప్పుతున్నాడు.

"ఆగవయ్యా. నేరస్థలిని ఎవరూ ముట్టరాదు."

"ముట్టకుంట ఎట్ల బాగుచేస్త సార్?"

"నేను అడిగినప్పుడు మాత్రమే మాట్లాడవలెను." ఆయన కుర్చీలో ఆసీనులైనారు. "అమ్మా, దీనిని ఆఖరున వాడినది ఎప్పుడు?"

"మొన్న రాత్రండీ. నిన్న ఆయుధపూజ కదా, పూజలో పెట్టిన పనిముట్టు ఆ రోజంతా ముట్టకూడదని మీరే చెప్పారు."

"శాస్త్రం అదే చెప్తున్నది," అన్నారాయన హుందాగా. ఏటా దసరాకు ఆ అపార్ట్‌మెంటులోని స్కూటర్లకూ, మిక్సీలకూ, లిఫ్టుకూ పెద్దవారుగా పూజ జరిపించేది ఆయనే. "అనగా నిన్నటి పూజకూ నేటి ఉదయానికీ మధ్య హంతకుడు ఈ గదిలో ప్రవేశించినాడు."

"సార్, జర నా మాట ఇనుండ్రి, గీ బోర్డు మీద..."

"అడిగినప్పుడు."

నర్సింహ నోరు మూసుకుని, హార్డ్ డిస్కు ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. డిస్కు క్షేమంగానే ఉన్నది. కథ కూడా తెరుచుకున్నది. అయితే తెర మీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు బారులు తీరి ఉన్నాయి.

త్రినాథరావు గారి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. "గూఢలిపి," అన్నారు గొంతు తగ్గించి.

ఇరవై నిమిషాల అనంతరం ఆయన నోటుపుస్తకంలో మొదటి పంక్తికి అర్థం తేలింది. 'బంగారం బోరబండ స్టేషనులో మంగళవారం.'

"అది మా హీరోయిన్ తల్లి ఏడుపండీ," అన్నది సత్యలక్ష్మి గారు. "పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కదా. ఈ మిషన్లో తప్ప వేరేచోట చదవడానికి రాదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయినా ఇంతే."

"గదే సార్ నేను జెప్పేది. డిస్కు మంచిగనే ఉంది. మదర్‌బోర్డు ఖతమైంది. ఇసొంటి బోర్డే దొరికితె అన్నీ ఎప్పటిలెక్కనే నడుస్తయ్. గని ఈ మోడల్ బందయ్యి పదిహేనేండ్లాయె. ఏడ తిరిగినా దొరకది."

సత్యలక్ష్మి గారు మంచం అంచున కూలబడింది. గడియారం పదకొండున్నర చూపుతున్నది.

త్రినాథరావు గారు మాత్రం పెట్టెలోకి భూతద్దం పోనిచ్చి నిశ్చేష్టులైనారు. ఆకుపచ్చని బోర్డు మీద ఎండిన ఎర్రని మరకలు. ఒక మూలన గోరంత తెల్లని, గట్టి శకలం. దానిని పట్టకారుతో తీసి తపాలా కవరులో వేశారు.

"రక్తము. దంతము. ఇక్కడ పెనుగులాట జరిగినది."

"కంప్యూటర్ లోపటనా?" అన్నాడు నర్సింహ.

అదే సమయాన పైఅంతస్తులో అద్దెకుంటున్న అసిస్టెంట్ డైరెక్టర్ నాగసాయి రాత్రి షూటింగు ముగించుకుని గుమ్మం ముందు నుంచి పోతున్నాడు. అతని చొక్కా నిండా ఎర్రని మరకలు.

"నిలు," అన్నారు త్రినాథరావు గారు. "నోరు తెరువు."

నిద్రమత్తులో ఉన్న నాగసాయి నోరు తెరిచాడు. ఆయన భూతద్దంతో పైవరుస, కిందివరుస లెక్కించారు. ముప్ఫై రెండూ ఉన్నాయి.

"పన్ను కట్టించుకున్నావన్నమాట. ఈవిడ కథ ఎవరికి అమ్మినావు?"

"కథేంటి సార్? ఈ మరకలా? ఫైట్ సీన్ రక్తం సార్ ఇది. కావాలంటే నాకి చూడండి, తియ్యగా ఉంటుంది."

పరిశోధకుడు దేనికీ వెనుదీయరాదు. ఆయన చొక్కా చివర వేలితో తాకి రుచి చూశారు. తియ్యగానే ఉన్నది. వెంటనే అదే వేలు బోర్డు మీది మరకపై రాసి నాలుకకు తగిలించుకున్నారు. ఇది తీపి కాదు. చిరపరిచితమైన రుచి. ప్రతి శుక్రవారం ప్రసాదంలో పొరపాటున కలిసే రుచి.

"కుంకుమ," అన్నది శారదాదేవి. ఆవిడ అప్పుడే కాఫీలు పట్టుకుని దిగింది. కవరు అందుకుని, శకలాన్ని వాసన చూసి, నోట్లో వేసుకుని కొరికింది. "ఇది కొబ్బరి."

"శారదా, అది సాక్ష్యాధారము."

"కొంచెం కనరు వాసన పట్టింది గానీ కొబ్బరేనండీ."

"ఇందాకటి సంది గదే జెప్పబోతున్న సార్," అన్నాడు నర్సింహ. "పెట్టె మీద గాలికి కన్నాలుంటయ్ గద, ఆ కన్నాల్లకెల్లి కొబ్బరినీళ్లు లోపటికి కారినయ్. తడి ఆరకముందే కరెంటిస్తె బోర్డు కాలింది. దసరా తెల్లారి మాకు గిట్లాంటివి రెండు మూడన్న వస్తయ్. గని అందరు కాయ కిందనే కొడ్తరు. పెట్టె నెత్తి మీద రాయి పెట్టి కొట్టినోల్లను నేను సూడలె."

నాగసాయి నోరు మళ్లీ తెరుచుకున్నది.

నిన్నటి ఉదయం త్రినాథరావు గారి కళ్లముందు మెదిలింది. సత్యలక్ష్మి గారు గుమ్మం దగ్గర కొడదామన్నది. 'అమ్మా, ఆయుధానికి శిరస్సే ప్రధానము' అని తానే రాయి తెప్పించి, పెట్టె నడినెత్తిన ఒక్క దెబ్బకు కాయ రెండు చెక్కలు చేసి, చుట్టూ చూసి, చప్పట్ల కోసం క్షణం ఆగినారు. నీళ్లు పుష్కలంగా ఉన్నాయని మెచ్చుకున్నది కూడా తానే.

"హంతకుడు తెలిసినాడు," అన్నారాయన నేల చూస్తూ.

"పోనివ్వండి అన్నయ్యగారూ," అన్నది సత్యలక్ష్మి గారు. "మంచి జరగాలనే చేశారు. నా పేరు రాత ఇంతేనేమో. నిర్మాతగారికి ఫోన్ చేసి రాలేనని చెప్పేస్తాను."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. పదమూడు కేసులలో పదముగ్గురు నిర్దోషులు తన ఎదుట ఎలా నిలబడ్డారో ఇప్పుడు తెలిసివచ్చింది. మెట్లెక్కి, తన ఇంట్లో వంటగది పక్క బల్ల దగ్గర కూర్చుని, కేసు పుస్తకం తెరిచారు. వెనకాలే నర్సింహ చేతులు కడుక్కోవడానికి వచ్చాడు.

'నేరస్థుని పేరు' అన్న గడి దగ్గర ఆయన ఆగి, మూత పీకబోయారు. పెన్ను జారి దొర్లి, ఆవకాయ జాడీ పెట్టిన పీట కిందికి పోయింది. ఆయన మోకాళ్ల మీద వంగి, చెయ్యి చాపి, అందక, పీట మీద కప్పిన పాతచీర ముక్క పట్టుకుని లాగారు. జాడీ ఒరిగింది. నర్సింహ ఒక్క గెంతులో వచ్చి జాడీని పొట్టకు హత్తుకున్నాడు. ఆ తరువాత కిందికి చూశాడు.

"సార్, ఇది పీట కాదు."

"తొమ్మిదేళ్లుగా అది పీటే," అన్నది శారదాదేవి గుమ్మంలోంచి.

"కాదమ్మా. కంప్యూటర్ ఇది. కింద మేడం పెట్టె, ఇది, సేమ్ టు సేమ్."

ఔను మరి. సత్యలక్ష్మి గారూ, తామూ ఒకే రోజున, ఒకే దుకాణంలో, ఒకే రకం కంప్యూటర్లు కొన్నారు. తమది మూలపడింది. మూలనుంచి జాడీ కిందికి చేరింది. ప్రపంచంలో ఎక్కడా దొరకని బోర్డు, ఆయన రోజుకు మూడు పూటలా ఆవకాయ వడ్డించుకునే చోట, మోకాలెత్తున ఉన్నది.

నర్సింహ బోర్డు విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, కింది పెట్టెలో బిగించాడు. రెండు గంటల పది నిమిషాలకు మీట నొక్కాడు. ఒకసారి ఏమీ కాలేదు. బోర్డు మీది ర్యామ్ తీసి తుడిచి మళ్లీ నొక్కాడు. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. హీరోయిన్ తల్లి స్వచ్ఛమైన తెలుగులో ఏడ్చింది. ఆమెను చూసి సత్యలక్ష్మి గారూ ఏడ్చింది.

మూడుంబావుకు ప్రింటు కాగితాలు సంచిలో పెట్టుకుని ఆవిడ బయలుదేరింది. ఎదురు రమ్మని కోరితే త్రినాథరావు గారు వచ్చారు. శారదాదేవి ఆయన చేతికి కొబ్బరికాయ ఇవ్వబోయి, ఒక్క క్షణం ఆలోచించి, నాగసాయికి ఇచ్చింది. అతడు వీధిలోకి పోయి, ఏ యంత్రమూ లేని చోటు చూసి కొట్టాడు.

రాత్రి ఎనిమిదింటికి ఆవిడ తిరిగి వచ్చింది. చేతిలో మిఠాయి పొట్లం. "రెండో సగం మార్చమన్నారండీ," అన్నది. ఆ తరువాత పొట్లం విప్పుతూ, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు, "పేరు మాత్రం నాదే వేస్తారట," అన్నది.

అందరూ వెళ్లిన తరువాత త్రినాథరావు గారు కేసు పుస్తకం మళ్లీ తెరిచి, ఖాళీగా ఉన్న గడిలో తమ పేరు, డిగ్రీలతో సహా, గుండ్రని దస్తూరీతో రాసుకున్నారు. శారదాదేవి భుజం మీంచి తొంగిచూసింది.

"పోన్లెండి," అన్నది, జాడీని ఖాళీ పెట్టె మీద సర్దుతూ. "పద్నాలుగింటిలో ఇదొక్కదాంట్లోనైనా అసలు దొంగను పట్టుకున్నారు."

ఆయన తలూపి, తన పేరు కింద ఎర్రసిరాతో 'ఛేదించబడినది' అని రాసి, గీత గీశారు.