మెట్ల గ్రాఫుపై ముత్తన్న దండయాత్ర

శ్రీమద్భాద్రపదమాసమున, నిరంతరవర్షధారాక్షాళితమైన కోటగిరి మండలమున, కాలువనీరు కట్టనొరసి పారుచుండగా, కప్పలు వేదఘోషకు గొంతులు సవరించుచుండగా, ఆదివారము ప్రాతఃకాలమున ఏడుగంటల సుముహూర్తమందు, ఇంటి వెనుక పసుపుమడి గట్టున స్టాండు నాటి, దానిపై సెల్‌ఫోనును ప్రతిష్ఠించి, తలకు రుమాలు చుట్టి, మీసము దువ్వి, "అందరికి రామ్ రామ్!" అని గర్జించిన మహావీరుని కథ చెప్పెదను, వినుడు. మధ్యలో లేచిపోకుడు. ఈ కథంతయు మధ్యలో లేచిపోయినవారిని గురించినదే.

ఆ వీరుడు ముత్తన్న. హరిద్రాక్షేత్రపాలకుడు, వ్రీహిసస్యధురంధరుడు, అనగా ఎకరము పసుపు, మూడెకరముల వరి గల ఆసామి. 'ముత్తన్న ముచ్చట' అను యూట్యూబు చానలునకు ఏకచ్ఛత్రాధిపతి. ముప్పదియేండ్లు పసుపు పండించిన ఆ చేతులు దుంపను తాకి దాని జాతకము చెప్పగలవు. ఆ విద్య తనతోనే మట్టిలో కలియరాదని ప్రతి ఆదివారమును లైవునకు దిగుచుండెను. దిగెను సరే, వినువారెవరు?

గత సంవత్సరమిదే మాసమున, లైవు పందొమ్మిదవ నిమిషమందు, "దుంపకుళ్లు వచ్చే కాలం, మడిల నీళ్లు నిలవనియ్యకుండ్రి" అని ఆ వీరుడు శంఖము పూరించెను. ఆ శంఖారావము విన్నవారు ఏడుగురు. విననివారిలో ముప్కాల్ నివాసి, స్వంత బావమరిది శివకుమార్ ఒకడు. అతని అరెకరము పసుపు మడిలోనే కుళ్లిపోయెను. ఆ కంపు ముత్తన్న ముక్కును నేటికిని వదలలేదు. చెప్పియు చెప్పనట్లాయెనే యని అన్నము ముందర కూర్చుండి అతడెన్నిమార్లు నిట్టూర్చెనో భార్య గంగుబాయికి తెలియును. ఈ యేడు వానలు మరింత దంచికొట్టుచున్నవి.

కావున ఆ వీరుడు బోధన్ నగరమున సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణము నడుపు అతీఖ్‌ను శరణుజొచ్చెను. అనలిటిక్స్ అను గ్రాఫుశాస్త్రమున పారంగతుడైన అతీఖ్, చానలు లోపలి లెక్కలు తెరచి, ఒక గీతపై వ్రేలుంచి పలికెను.

"సూడు ముత్తన్నా, గిది నీ లైవు. షురూల అర్వై ఎనిమిది మందున్నరు. నాలుగు నిమిషాలల్ల ధబేల్‌మని పడ్డది. ఆఖర్ల ఏడుగురు."

"నెట్‌వర్క్ పోయిందేమో భాయ్."

"అందరిదా?"

"గప్పుడు కోడి గూసింది. సిరాకు లేసి పోయిండ్రేమో."

"కోడి పన్నెండో నిమిషంల గూసింది, నేను ఇన్న. దాని మీద ఎయ్యకు. ముందుగాల నాలుగు నిమిషాలు నువ్వేం జేస్తున్నవ్? పేర్లు సదువుతున్నవ్. గవి తీసెయ్. సీదా పసుపు కాడికి రా."

నిజమే. లైవునకు వచ్చి రామ్ రామ్ పెట్టిన ప్రతివారిని పేరుతో, ఊరుతో పిలిచి, ఇంటిల్లిపాది క్షేమమడిగిన పిదపనే అసలు మాటకు వచ్చుట ముత్తన్న కులవ్రతము. అట్టి వ్రతమునే విడువుమనగా అతని కన్నులు పసుపువర్ణము వీడి కుంకుమవర్ణము దాల్చెను. లేచి నిలిచి, దుకాణపు గాజుబల్లపై అరచేత చరచి, ఇట్లు ప్రతినబూనెను:

"అతీఖ్ భాయ్! ఇంటికొచ్చినోన్ని మంచిగున్నవా అని అడగకుండ పని ముచ్చట బెట్టుమంటవా? మా బాపు పానం పొయ్యేటప్పుడు గూడ డాక్టర్ సాబును, పిల్లలు మంచిగున్నరా అని అడిగే పోయిండు! గీ గీత కోసం నేను మర్యాద ఇడువాల్నా? ఇడువ! గీ రుమాలు మీద ఒట్టు, ఇడువ!"

ఇట్లు శపథము చేసిన వీరుడు మరుసటి ఆదివారమే విడిచెను. ముప్కాల్ మడి జ్ఞాపకము రుమాలుకంటె బరువైనది.

ఆ దినమున పేరు లేదు, ఊరు లేదు. "పసుపుల దుంపకుళ్లు" అని సూటిగా రణమునకు దిగెను. రెండవ నిమిషమునకు సగము సేన చెదరెను. తుదకు ముగ్గురు మిగిలిరి. అందొకడు అతీఖ్. ఇంకొకటి ముత్తన్న రెండవ ఫోను. ఆపై ప్రతివారము రామ్ రామ్ పెట్టు మరియం బోధన్ నుండి ఫోను చేసి, "ఏందన్నా, మా మీద గుస్సా అయినవా?" అని యడిగెను. శివకుమార్ బావకు ఫోనైనను చేయలేదు. అక్క గంగుబాయికి చేసి, "నా పేరు గూడ తియ్యలే. బావకు నేను పరాయోన్నయిన" అని అలిగెను. కొండనాలుకకు మందువేయగా ఉన్న నాలుక ఊడెనని ముత్తన్న ఆ పూట భోజనమే మానెను.

మరునాడు అతీఖ్ స్వయముగా కోటగిరికి విచ్చేసెను. చాయ్ తెచ్చిన గంగుబాయి, మగవారిరువురు పాత గ్రాఫు ముందు తలలు పట్టుకొనియుండుట చూచి, తానును వంగి చూచెను.

"గిది ఒక్కసారే పడలే తమ్మీ. మెట్లు మెట్లు దిగింది. గీ మెట్టుకాడ ఆయన ఎవరి పేరు సదివిండు?"

అతీఖ్ వీడియోను ఆ క్షణమునకు జరిపి విని, "మరియం" అనెను.

"గీడ?"

"నరేష్."

"గంతే మరి. ఎవలి పేరు ఇనంగనే వాళ్లు పోతున్నరు."

"నీకెట్ల ఎరుక అక్కా?"

"నేను గట్లనే జేస్త గద. 'మా గంగుబాయి మంచిగున్నది' అని ఆయన అనేదాంక వంటింట్ల శెవులు పెట్టి ఇంట. అన్నంక మిక్సీ పెట్టుకుంట."

అహో! ఏమని వర్ణింతును! శత్రుసైన్యమునకు వెరువని ఆ వక్షఃస్థలమున స్వగృహమునుండియే బాణము వచ్చి నాటెను. ముప్పదియేండ్ల ధర్మపత్ని, పలాయితులలో ప్రథమురాలు!

"నువ్వు గూడనా?" అని ముత్తన్న సన్నని గొంతుతో అడిగెను.

"పసుపు ముచ్చట నాకు తెల్వదా ఏంది? నాటింది నేను, కలుపు తీసింది నేను. బంతిల మిఠాయి ముందుగాల్నే పెట్టి, ఎన్కసిరి పప్పు తినుమంటే ఎవలు కూసుంటరు? మిఠాయి నడ్మనడ్మ పెట్టు. ఒకటి ఆఖరిదాంక దాసుకో."

మూడవ ఆదివారము. రాత్రంతయు వాన. మడిలో పాదములు మునుగు నీరు. "అందరికి రామ్ రామ్. పేర్లు ఒక్కొక్కటే సదువుత, జర ఆగుండ్రి" అని వీరుడు సమరమారంభించెను. డెబ్బది యొకరు కొలువుదీరిరి. పసుపు ఆకు చూపెను, "మరియం శెల్లె, బోధన్‌ల వాన తగ్గిందా?" అనెను, మరల పసుపునకు వచ్చెను. ఒక పేరు, ఒక మాట, ఒక పేరు. అంకె అరువది మూడు. పదవ నిమిషమైనను అరువది! గ్రాఫుదానవుని మెట్లు ఒక్కొక్కటే కూలుచుండెను.

అంతలో తెరపై ఒక అక్షరపంక్తి మెరసెను. 'రామ్ రామ్ బావా. శివకుమార్, ముప్కాల్.'

అలిగినవాడు వచ్చెను! ముత్తన్న గొంతుదాక 'శివా' అను పిలుపు ఉబికివచ్చెను. పిలిచినచో పోవును. పోయినచో పసుపు కుళ్లును. ఆ పిలుపును మ్రింగి వరుసల మధ్య కాలువను గూర్చి చెప్పసాగెను. 'బావా నేనున్న' అని మరల వచ్చెను. 'నేను కనిపిస్తలేనా?' అని మరల వచ్చెను. పదునారవ నిమిషమున, 'సరే, పోత' అని వచ్చెను.

కుళ్లు మాటకై దాచుకొనిన పందొమ్మిదవ నిమిషముదాక నిలుచుటకిక వ్యవధి లేదు. వీరుడు మడిలోకి దుమికి, ఒక మొక్కను పెకలించి, బురదతోనే ఫోనునకు చూపి అరచెను:

"గిది సూడుండ్రి! అడుగు ఆకులు పసుపుపచ్చగయి, మొదలు మెత్తబడ్డది. గిదే కుళ్లు! నీళ్లు నిలిస్తే మడంత పోతది. గిప్పుడే పార పట్టుండ్రి, వరుస వరుసకు కాలువ తీసి నీళ్లు బయటికి ఇడువుండ్రి! ఒరేయ్ శివా! ముప్కాల్ శివకుమారు! పోయినేడు నీకు ఇనపడేటట్టు జెప్పకపోతిని, నాదే తప్పు. ఇన్నవా? మంచిగున్నవా బామ్మర్దీ?"

పిదప తెరపై, 'ఇన్న బావా. మంచిగున్న. పార పట్కొని పోతున్న' అని వెలసెను.

అంకె యాబది రెండునుండి యాబది యొకటికి దిగెను. గ్రాఫు దిగినందుకు ముత్తన్న సంతోషించుట అదే మొదలు. రుమాలు తీసి కన్నులొత్తుకొనగా కన్నులకు బురద అంటెను.

లైవు ముగింప చేయి చాచుచుండగా, వంటింటి కిటికీనుండి ఒక కంఠము ఉరిమెను:

"ఓయ్! గంటెతోటి గింత సేపు నిలబడ్డ. నా పేరేది?"

వీరుడు నాలుక కరచుకొనెను. ఫోనునకు అభిముఖుడై, యాబది యొక్కరి సమక్షమున, "మా గంగుబాయి మంచిగున్నది" అని చాటెను. మరుక్షణమే మిక్సీ గర్జించెను.

కావున దశదిశలకును తెలియజేయుచున్నాను: ఆ భాద్రపదమున, ఆ ఆదివారమున, కోటగిరియందొక మిక్సీ ఇరువదియొక్క నిమిషములు మౌనము వహించెను. పచ్చడి ఆలస్యమాయెను. ముత్తన్న గెలిచెను.