మా కారు ఆంప్లిఫయర్ నోరు మూసుకున్న మూడు వారాలు

అయ్యలారా, అమ్మలారా! మీ కారులో ఆంప్లిఫయర్ పనిచేస్తోందా? అయితే మిమ్మల్ని చూస్తే నాకు జాలేస్తోంది. పాటలకి గొంతు పెంచే ఆ డబ్బా మా కారులో మూడు వారాలు చచ్చి బతికింది. పాట పెట్టగానే సీటు కింద ఎర్రలైటు వెలిగించి, నోరు మూసుకునేది. అంతటి మర్యాదస్తుణ్ణి నేనీ మధ్య చూడలేదు.

దానివల్ల కలిగిన లాభాలు ఒకటా రెండా! నా కారుకి ఇంజనుందనీ, అది దగ్గుతుందనీ మొదటిసారి తెలిసింది. ఆర్నెల్లుగా డిక్కీలో దొర్లుతున్న స్క్రూడ్రైవర్ దొరికింది. వెనక కారువాళ్లు నన్ను చూసి చేతులూపుతుంటే ఇన్నాళ్లూ పలకరింపు అనుకున్నాను. అవి తిట్లట, ఇప్పుడు ఒక్కక్షరం పొల్లుపోకుండా వినిపించాయి. ప్రతి కొత్త కారుకీ పాడైన ఆంప్లిఫయరే బిగించాలని ప్రభుత్వం వారు చట్టం చేస్తే తప్పేంటి?

అసలు లాభం ఇంకోటుంది. రోజూ మా అమ్మాయిని కాలేజీలో దింపేది నేనే. అరగంట ప్రయాణం. రెండేళ్లుగా ఆ అరగంటా పాటలే మోగేవి. అవి ఆగిన నాలుగో రోజు, ఎవరో మాట్లాడుతున్నారేమిటా అని చూస్తే, మా అమ్మాయే! క్లాసులో ఎవరు గురకపెట్టారో, లెక్చరర్ ఆ కుర్రాణ్ణి లేపకుండా పాఠం ఎలా ముగించిందో చెప్పి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఇంత పెద్దదయిందో నాకు తెలియలేదు. మర్నాడు ఇంకాస్త ధైర్యం చేసి, "నాన్నా, నాకీ కోర్సు..." అంది.

అంతే, అందుకున్నాను! బాధ్యతగల తండ్రిని కదా? కోర్సు విలువ, కాలం విలువ, ఆ వయసులో నేను పడ్డ పాట్లు, అన్నీ విడమరిచి చెప్పాను. కాలేజీ గేటు వచ్చినా కారూ ఆగలేదు, నేనూ ఆగలేదు. మళ్లీ వెనక్కి తిప్పుకొచ్చి దింపాల్సి వచ్చింది.

మర్నాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కారెక్కింది. ఆ మాట సగంలోనే ఉండిపోయింది. మిగతా సగం ఏమిటో తెలియక నాకు అన్నం సయించడం మానేసింది.

తప్పంతా ఆంప్లిఫయర్‌దేనని తేల్చి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. స్పీకర్ల తీగలన్నీ పీకేశాడు. ఎర్రలైటు పోయి పచ్చలైటు వచ్చింది. డబ్బా పాడవలేదట. ఎక్కడో తీగ ఒరుసుకుని, మోయలేనంత భారం మీద పడుతుంటే, తనను తాను కాపాడుకోడానికి మూసుకుపోతోందట. నేను ఊరుకుంటానా? ఆయన ఒక్కో తీగా కలిపి చూస్తుంటే, పక్కనే నిలబడి నిశ్శబ్దం గొప్పతనం మీద పావుగంట బోధించాను. స్పీకరుకి చెవి ఆనించి కూర్చున్న ఆయన చివరికి తలెత్తాడు.

"సార్, మీరు కాస్త ఊరుకుంటే, ఇందులోంచి ఏమైనా వస్తోందేమో వింటాను."

వెనక తలుపు దగ్గర నలిగిన తీగకి టేపు చుట్టి పంపించాడు. పాటలిప్పుడు బ్రహ్మాండంగా వస్తున్నాయి. మర్నాడు నేను పాట పెట్టలేదు. నోరూ తెరవలేదు. రెండో సిగ్నల్ దాకా ఎలా ఆగానో ఆ దేవుడికే తెలుసు!

మూడో సిగ్నల్ దగ్గర మా అమ్మాయి ఒక చెవిలోది తీసి, నా వంక అనుమానంగా చూసింది.

"ఏంటి నాన్నా, ఒంట్లో బాలేదా?"

బాగానే ఉందన్నాను. అక్కడితో ఆపాను.

రెండో చెవిలోదీ తీసింది.