బావగారి కాలి కింద బ్రేకు

ఎదుటివాడి మాట సగంలో ఉండగానే అందుకుని పూర్తిచేసే మహానుభావులకు వీధివీధినా సన్మానాలు చేయాలని ఈ కాలమ్ ద్వారా గట్టిగా డిమాండ్ చేస్తున్నాను! మీరేమంటారో నాకు తెలుసు. "అది మర్యాద కాదు కదండీ" అంటారు. చూశారా, మీకు ఆ శ్రమ లేకుండా మీ తరఫున నేనే అనేశాను.

అసలు ఈ రోజుల్లో మాట పూర్తిచేసే తీరిక ఎవరికుంది? ఫోన్‌లో రెండక్షరాలు కొట్టగానే మిగతాది అదే రాసేస్తోంది. కస్టమర్ కేర్ అమ్మాయి మన ఫిర్యాదు వినకముందే క్షమాపణ చెప్పేస్తోంది. డాక్టరుగారు మనం "నాకు" అనేసరికే మందులచీటీ చింపి చేతిలో పెడుతున్నారు. మా ఆఫీసు మీటింగుల్లో అయితే ప్రశ్న పుట్టకముందే జవాబు చెప్పినవాడికి ప్రమోషన్! ఇంత జోరుగా పోతున్న ప్రపంచంలో ఒక మనిషి తన వాక్యం చివరిదాకా తనే నడిచి వెళ్తానని మొండికేస్తే అందరికీ ఆలస్యం కాదూ?

ఈ సేవలో నా ప్రతిభ బయటపడింది మాత్రం మా బావగారి వల్ల. ఆయన డ్రైవింగ్ స్కూల్ నడిపేవారు. స్కూలంటే ఒక గది, ఒక కారు, ఒక గొంతు. ఆ గొంతుకు హడలిపోతూనే సగం ఊరు డ్రైవింగ్ నేర్చుకుంది. ఆమధ్య ఆయనకు స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు నీరసించాయి. మాట చిక్కుపడింది. తెలివి ఎక్కడికీ పోలేదు. మనం చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాల్సింది తెలుసు. కానీ మాట నాలుక దాకా వచ్చి దారి తప్పుతుంది. కాఫీ కావాలంటే "క్లచ్" అంటారు. అది కాదని వెంటనే తెలుసుకుని తనమీద తనే విసుక్కుంటారు. చిత్రమేమిటంటే, తిట్లు మాత్రం ఎప్పటిలాగే సాఫీగా వస్తాయి!

ఇంటికి వచ్చే స్పీచ్ థెరపిస్టు అమ్మాయి మాకు క్లాసు తీసుకుంది.

"మాట ఆయన్నే వెతుక్కోనివ్వండి. వెతికే కొద్దీ మెదడులో కొత్త దారులు పడతాయి. నెలలు గడిచాక కూడా మెరుగైనవాళ్లున్నారని పరిశోధనలు చెబుతున్నాయి. మీరు చెయ్యాల్సిందల్లా ఆగడం."

"ఆగి ఏం చెయ్యాలమ్మా?"

"ఏం చెయ్యక్కర్లేదండీ. ఆగడమే."

అన్నేళ్లు చదివి, అన్ని పరిశోధనలు చేసి, చివరికి కనిపెట్టింది నోరు మూసుకుని కూర్చోవడమా! నాకు నవ్వాగలేదు.

కాబట్టి మేం మా పద్ధతిలోనే వైద్యం సాగించాం. బావగారు పెదవి కదిపితే చాలు, అక్క ఒక పక్కనుంచి, మేనకోడలు ఇంకో పక్కనుంచి, నేను ఎదురుగా నిలబడి మాటను గాల్లోనే పట్టేసేవాళ్లం. "నీ..." అంటే నీళ్లు తాగించేవాళ్లం. తల అడ్డంగా ఊపితే నీరసమనుకుని గ్లూకోజు పట్టించేవాళ్లం. మళ్లీ ఊపితే నీడ కావాలేమోనని కుర్చీతో సహా జరిపేవాళ్లం. ఆ తర్వాత ఆయన కళ్లు మూసుకునేవారు. తృప్తిపడ్డారనుకునేవాళ్లం.

ఆ ఊపులోనే కారు సంగతి కూడా తేల్చేశాం. సమావేశంలో ఆయనా ఉన్నారు. అధ్యక్షత వహించారనే చెప్పాలి.

"బావగారూ, కారు ఊరికే దుమ్ము పట్టిపోతోంది. ఏం చేద్దాం?"

"కా... రు..."

"అమ్మేద్దామంటున్నారు! చూశావా అక్కా, ఎంత ముందుచూపో!"

"ఆయన ఎప్పుడూ అంతేరా. ఎవరికీ ఇబ్బంది కాకూడదంటారు" అని అక్క కళ్లొత్తుకుంది. బావగారు ఎడమచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచారు. ఆమోదమనుకున్నాం. తీర్మానం ఏకగ్రీవం!

మర్నాడు కారు కొనేవాడి షెడ్డుకు నేనే నడుపుతూ బయల్దేరాను. యజమాని లేకుండా కుదరదన్నారు కాబట్టి బావగారిని పక్క సీట్లో, అంటే ఎప్పుడూ ఆయన కూర్చునే సీట్లోనే, కూర్చోబెట్టాను. డ్రైవింగ్ స్కూల్ కారులో నేర్పేవాడి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆ సంగతి నేను మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

దారిపొడవునా ఆయనతో కబుర్లు చెప్పాను. అంటే, రెండు వైపులా నేనే మాట్లాడాను.

"కారు..." అన్నారు బావగారు.

"అవునవును, కొనేవాడు మంచివాడే. జాగ్రత్తగా చూసుకుంటాడు."

"కారు..."

"ఏసీ తగ్గించమంటారా?"

కారు నెమ్మదించింది. నేను కంగారుపడి రోడ్డు పక్కకు తిప్పాను. ఇంజన్ దగ్గి ఊరుకుంది. మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ దగ్గింది. కిందికి చూస్తే ఆయన ఎడమకాలు బ్రేకు మీద ఉంది.

"బావగారూ, మీరు అలసి..." అని అందుకోబోయాను. ఆయన వేలు పైకెత్తారు. వెనక హారన్లు మోగాయి. ఒకాయన మా కిటికీ దగ్గర స్కూటర్ ఆపి, మా వంశం మొత్తాన్ని తలచుకుని మరీ వెళ్లాడు. నా నోట్లో వాక్యాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆయన మాత్రం కాలు తియ్యలేదు. వేరే దారి లేక ఊరుకున్నాను.

"కారు..." పెదవులు వెతికాయి. ఏదో తప్పు మాట వచ్చింది. తల విదిలించి దాన్ని పక్కకు తోసేశారు. నుదుట చెమట పట్టింది. "కారు... ఉం... చు. నేను... నేర్పు... తా."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "మరి ఆ మాట మీటింగులో చెప్పరేం?" అన్నాను తెలివితక్కువగా. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఈసారి మాట వెతుక్కోవాల్సిన అవసరమే రాలేదు. గడగడా వచ్చింది. పత్రికలో అచ్చువేయడానికి ఎడిటర్ గారు ఒప్పుకోరు.

కారు ఇంటికి తిప్పాను.

ఇప్పుడు పొద్దున్నే ఖాళీ మైదానంలో స్టీరింగ్ ముందు మా అక్క కూర్చుంటుంది. ఊరందరికీ నేర్పినాయన ఇన్నేళ్లూ సొంత భార్యకు నేర్పనేలేదు! ఆయన చెప్పేదాకా ఆమె గేరు మార్చదు. ఒక్కోసారి గేరు అనబోతే గరిటె అని వస్తుంది. అక్క నవ్వదు, మాట అందించదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంటుంది. చివరికి ఆయనే ఆ మాటను పట్టుకుంటారు. "గే... రు!" అప్పుడు కారు కదులుతుంది. థెరపిస్టు అమ్మాయి చాలా మెరుగంటోంది. ఇదంతా తను చెప్పినట్టు ఆగడం వల్లేనని ఆమె నమ్మకం. బ్రేకు వల్లనని నా వాదం.

కాబట్టి నా డిమాండ్‌ను సవరించుకుంటున్నాను. సన్మానాలు వద్దు. మాటలు అందుకునే ప్రతివాడికీ రెండో బ్రేకు బిగించాలి. దాని మీద కాలు ఎదుటివాడిదై ఉండాలి. ముందు నాకే బిగించండి.

దీనికి మీరేమంటారో నాకు తెలియదు. మీరే చెప్పండి. తొందరేం లేదు, ఆగుతాను.