హాయిగా కూర్చోండి

పదింటికి కొత్త వెబ్‌సైటు తెరవాలి, పదిన్నరకు టీ తాగాలి, పదకొండు నుంచి ఫోన్లు అందుకోవాలి. ఆ ఉదయం కార్యదర్శి వేసుకున్న పథకం ఇంతే. నడవలేనివాళ్లకు వీల్‌చైర్లు అరువిచ్చే ఆ సేవాసంస్థలో ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు. ఆరుగురు ఎదురుచూస్తున్నారు. వాళ్లలో వీధి చివరి టైలరు తల్లి నెలన్నరగా మంచం దిగలేదు. నలుగురికీ తెలిస్తే నాలుగు వీల్‌చైర్లు రాకపోతాయా అని కార్యదర్శి ఆశ.

వెబ్‌సైటు చేసింది అధ్యక్షులవారి కొత్త అల్లుడు. కొత్త అల్లుడికి ఎదురు చెప్పే ధైర్యం కమిటీలో ఎవరికుంటుంది? "జబ్బు, ముసలితనం, చక్రాలు... ఇవి చూస్తే జనం పారిపోతారండీ" అంటూ అల్లుడుగారు వీల్‌చైరు అన్న మాటతో సహా అన్నీ పీకేశారు. ఎండపడే గదిలో పసుపురంగు కుర్చీ ఫొటో పెట్టి, కింద "హాయిగా కూర్చోండి" అని రాశారు.

పదీ అయిదుకు మొదటి ఫోను.

"ఆ పసుపు కుర్చీ ఎంతండీ?"

"అది అమ్మేది కాదండీ."

"మరి ఫొటో ఎందుకు పెట్టారు? మమ్మల్ని ఊరించడానికా?"

ఇలాంటివి పదిహేను వచ్చాక కార్యదర్శి వెబ్‌సైటులో తనే ఒక ప్రకటన చేర్చింది: "కుర్చీలు అమ్మం. ఉచితంగా ఇస్తాం. వాడుకున్నాక తిరిగి ఇవ్వాలి." అంతే, కొరివితో తల గోక్కున్నట్టయింది.

"పెళ్లికి మూడొందలు కావాలమ్మా. గ్లాసులు, గరిటెలు కూడా ఇస్తారా?"

ఆవిడ తల పట్టుకుని అల్లుడుగారికి ఫోను చేసింది. "మనమే ఇస్తామని కాదు బాబూ, మనకే కావాలని రాయండి. చక్రాలున్నవి!"

"చక్రాలొద్దండీ, భయపడతారు" అని ఆయన "మీ ఇంట్లో కుర్చీ ఖాళీగా ఉందా? మాకివ్వండి" అని మార్చారు.

రెండింటికల్లా వరండా నిండా కాలు విరిగినవీ, చెదలు పట్టినవీ, అడుగూడినవీ. "ఊరికే ఇస్తుంటే వద్దంటారేంటి?" అని తెచ్చినవాళ్ల గొడవ. వాటి మధ్యలోంచి దారి చేసుకుంటూ టైలరు లోపలికొచ్చాడు.

"ఇన్ని కుర్చీలొచ్చాయి కదమ్మా. మా అమ్మకి..."

ఆవిడ ఆ ముఖం చూడలేకపోయింది. ఒళ్లు మండిపోయింది. పసుపు కుర్చీని తీసిపారేసి, చేతికొచ్చినట్టు రాసేసింది: "ఇది కుర్చీల కొట్టు కాదు. నడవలేనివాళ్లకి వీల్‌చైర్లు అరువిస్తాం. ఇప్పుడు ఒక్కటీ లేదు. ఆరుగురు మంచాల మీదున్నారు. పోయినవాళ్ల వీల్‌చైరు అటకమీద దాచుకుని ఏం చేస్తారు? తెచ్చివ్వండి. లేదంటే నన్ను వదిలేయండి."

గంటలో అది ఊరంతా చుట్టేసింది. అధ్యక్షులవారు ఊగిపోతూ వచ్చారు.

"తిట్టి అడుక్కునేవాళ్లని ఎక్కడైనా చూశామా? ఏంటమ్మా ఈ రాత?" అంటూ ఫోను తీసి పైకి చదవసాగారు. "పోయినవాళ్ల వీల్‌చైరు అటకమీద..."

అక్కడ ఆగిపోయారు.

"మా అమ్మది ఉండాలి" అన్నారు మెల్లగా. "ఎనిమిదేళ్లయింది. తీయబుద్ధి కాలేదు."

గంట తర్వాత ఆయన కారులోంచి దింపిన వీల్‌చైరును టైలరు తన చొక్కా అంచుతో తుడుచుకుని తోసుకుపోతుంటే కార్యదర్శికి కళ్లు చెమర్చాయి. మర్నాటికి ఊళ్లోని అటకలన్నీ కదిలి ఇంకో తొమ్మిది వచ్చాయి.

ఆ సాయంత్రం సమావేశంలో, వెబ్‌సైటు ఘనవిజయానికి అల్లుడుగారిని అభినందిస్తూ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. దాన్ని గుండ్రటి అక్షరాలతో పుస్తకంలో ఎక్కించింది కార్యదర్శే.