ఎర్ర బాణాల జంపఖానా

ఆ ఉదయం గుండయ్య లెక్క సులువుగానే తేలింది. పది రోజుల్లో జంపఖానాలు కొనే బొంబాయి దొర వరంగల్లు దిగుతాడు. నమూనా జంపఖానా నచ్చితే గుండయ్య ఆరు మగ్గాలకూ వానలదాకా పని. నచ్చకపోతే నేతగాళ్లు తలా ఒక దారి. కాబట్టి జంపఖానా నడుమ దొర భాషలోనే ఒక మాట ఉండాలి. ‘గుడ్ కార్పెట్ ఈజ్ ఫ్రెండ్ ఆఫ్ హౌస్’ అని నల్ల సిరాతో రాసి, మిషన్ బడి పంతులు పౌలుకు చూపించాడు.

పౌలు ఎర్ర సిరాతో బాణాలు గీసి ‘గుడ్’, ‘ఫ్రెండ్’ ముందు ‘ఏ’, ‘హౌస్’ ముందు ‘ద’ ఇరికించి, కారణం విడమరిచాడు.

“అంటే పంతులూ, కొత్త గిరాకికి ‘ఏ’, ఎరుకైన గిరాకికి ‘ద’. గంతేనా?”

“గంతే అనుకో సావుకారీ.”

ఇదేదో కొసరు లాంటిదని గుండయ్యకు అర్థమైంది. ఇవ్వకపోతే మనిషి చిన్నబుచ్చుకుంటాడు. అంతలో పౌలు బావమరిది ఇస్సాకు లోపలినుంచి వచ్చాడు. డోర్నకల్ స్టేషన్‌లో టెలిగ్రాములు కొట్టే ఇస్సాకుకు మాటకింతని రుసుము కాబట్టి, జనం రాసుకొచ్చిన చిన్న మాటలు కొట్టేయడమే పదిహేనేళ్ల అలవాటు. నీలం పెన్సిల్‌తో ఆ ‘ఏ’, ‘ద’లను కొట్టేశాడు. బావ సున్నాలు చుట్టి నిలబెట్టాడు. బావమరిది మళ్లీ కొట్టేశాడు. చివరికి పౌలు భార్య హన్నా కాగితం లాక్కుని గుండయ్య చేతిలో పెట్టింది.

“తీస్కపో అన్నా. లేకుంటే వీళ్లిద్దరు ఇయ్యాల బువ్వ తినరు.”

గుండయ్య ఆ కాగితాన్నే నేతగాడు మొండయ్యకు ఇచ్చి, నర్సంపేటకు పత్తి బేరానికి వెళ్లాడు. దొర వచ్చే రోజు పొద్దున తిరిగొస్తే మొండయ్య జంపఖానా పరిచాడు. నల్ల అక్షరాలు, ఎర్ర బాణాలు, సున్నాలు, నీలం కొట్టివేతలు, పౌలు కలం నుంచి జారిన సిరా చుక్కతో సహా.

“గీతలెందుకు నేసినవ్ మొండయ్యా?”

“కాయితం మీదున్నయ్ సావుకారీ. నమూనాల ఇది ఉంచాల్నా, తీసెయ్యాల్నా అని మా తాత గూడ ఎన్నడు అడగలే. ఆ చుక్కకే పూటంత పట్టింది, జర చూడు.”

మార్చే గడువు లేదు. దొర వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, బాణాలను వేలితో తడిమాడు. గుండయ్య ఆరుగురు నేతగాళ్ల ముఖాలు తలచుకుని కళ్లు మూసుకున్నాడు. దొర మాటను, అందుకోసమే పిలిపించిన పౌలు తెలుగులో చెప్పాడు:

“పువ్వులు, చిలకలు చూసి విసిగిండట. ఇసుంటియి నలభై కావాలె. ఏ రెండూ ఒక్క తీరుగ ఉండొద్దట.”

మర్నాడు గుండయ్య తన అరుగు మీద బావాబావమరదులను ఎదురెదురుగా కూర్చోబెట్టి, నలభై కాగితాలు, రెండు రంగులు ముందు పెట్టాడు. వాళ్లు పొరపాటున ఒక మాట మీదికి రాకుండా చూసే పని హన్నాకు అప్పగించాడు. నలభై కాగితాలూ అయిపోయినా ఆమెకు పని పడలేదు.