తడవకూడని పాక

ఇల్లు లేకపోవడమంటే ఏమిటో ఇల్లున్నవారికే బాగా తెలియాలి. లేనివారికి తెలిసి ఏం లాభం? వారెలాగూ ఏమీ చేయలేరు. ఈ మహత్తరమైన సూత్రం మీదనే మా రాజమహేంద్రవరంలో నిరాశ్రయ స్థితి పరిజ్ఞాన సమాజం వెలసింది. సభ్యులందరూ సొంత ఇళ్ళున్నవారే. (అద్దె ఇంట్లో ఉండే ఒక బడిపంతులు గారు చేరతానన్నారు గానీ, ఆయనకు విషయం మరీ దగ్గరగా ఉందని, నిష్పక్షపాతంగా ఆలోచించలేరని చేర్చుకోలేదు.)

అధ్యక్షులు ప్లీడరు వెంకటరాజు గారు, కార్యదర్శి తాతాజీ గారు. నేను సామాన్య సభ్యుణ్ణి. చప్పట్లు మొదలుపెట్టడం నా బాధ్యత. ఏటేటా జరిగే మహాసభను ఈసారి శ్రావణ మాసంలో పెట్టుకున్నాం. వానాకాలమైతే విషయం జనానికి బాగా ఎక్కుతుందని ప్లీడరు గారి ఉద్దేశం.

సరిగ్గా ఆ రోజుల్లోనే గోదావరికి వరదొచ్చి, ఏటి మధ్య ఉన్న ఒక లంక కోసుకుపోయింది. అక్కడ చేపలు పట్టుకు బతికే ముసలయ్య, అతని భార్య చిట్టెమ్మ ఒక చాప, ఒక వల పట్టుకుని పట్నం చేరారు. ముసలయ్యకు చలిజ్వరం. పడుకోవడానికి పొడిగా కాస్త చోటు దొరికితే చాలునని రేవు పక్క సత్రానికి వెళ్ళారు.

ఆ సత్రం కట్టించిన పుణ్యాత్ముడు బాటసారులెవరైనా మూడు రాత్రులు ఉండవచ్చని గోడ మీద చెక్కించి మరీ పోయాడు. అయితే దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. ఇక్కడ పూజారి గుమాస్తా అమ్మిరాజు గారు.

"మీదే ఊరు?" అని అడిగారాయన.

"లంకండి," అంది చిట్టెమ్మ.

"మళ్ళీ ఎప్పుడు వెళ్తారు?"

"వరద తీసాకండి. గోదారి ఇసక మేటేసి లంక మళ్ళీ పైకొస్తేనండి."

అమ్మిరాజు గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "చూడమ్మా, ఇంటి నుంచి బయల్దేరి మళ్ళీ ఇంటికి పోయేవాణ్ణి బాటసారి అంటారు. మీకు ఇల్లే లేదు. మరి బాటసారులెలా అవుతారు? ఎక్కడైనా ఒక ఇల్లు చూసుకుని రండి, ఇక్కడ చోటిస్తాను" అన్నారు.

ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. మొగుడూ పెళ్ళాం వచ్చి మా సమాజ మందిరం అరుగు మీద చాప పరుచుకున్నారు.

సభ ఏర్పాట్లు మాట్లాడుకుందామని మర్నాడు మేమందరం వెళ్తే గుమ్మానికి అడ్డంగా వీళ్ళు. తాతాజీ గారికి చిరాకేసింది. "లేవండమ్మా, లేవండి. ఇల్లు లేనివాళ్ళ గురించి లోపల మాట్లాడుకోవాలి మేము. దారికడ్డంగా పడుకుంటే ఎలాగ?"

చిట్టెమ్మ గబగబా లేచి చాప చుట్టింది. "ఆ ఇల్లు లేనోళ్ళం మేవే అండి" అంది.

"అది సభలో తేలాలి," అన్నారు తాతాజీ గారు.

ఆ రోజు సమావేశంలో ప్లీడరు గారు గొప్ప ఆలోచన ఒకటి బయటపెట్టారు. సభకు వచ్చే పెద్దమనుషులు మేడలు తప్ప చూడనివారు. పాక అంటే ఏమిటో తెలియనివారికి పాక లేకపోవడమేమిటో ఎలా తెలుస్తుంది? కాబట్టి మందిరం ఆవరణలో ఒక నమూనా పాక వేయించాలి. అందరం భేష్ అన్నాం. తీరా చూస్తే పాక వేయడం మాలో ఎవరికీ రాదు. తాతాజీ గారే బయటికి వెళ్ళి, కొబ్బరిచెట్టు కింద కూర్చున్న చిట్టెమ్మను అడిగారు.

"ఏత్తానండి. ఏసాక మేవందులో తొంగోవచ్చాండి? ఈయనకి వొళ్ళు కాలిపోతందండి."

"ముందు వెయ్యి. సభ అయ్యాక చూద్దాం."

పెద్దల నోట "చూద్దాం" అనే మాటను పేదవాళ్ళు "సరే" అని వింటారు. ఇది వారికి అనాదిగా ఉన్న అలవాటు. చిట్టెమ్మ కొంగు బిగించింది. వెదురు వాసాలు, తాటాకు సమాజం తెప్పించింది. ముసలయ్య జ్వరంలోనే చెట్టుకు చేరబడి తాళ్ళు పేనాడు. గాలివానకు లేచిపోకుండా చూరు బాగా కిందికి దించి, సభ నాటి ఉదయానికి చిన్న పాక చక్కగా నిలబెట్టారు. ముచ్చటేసింది నాకు.

అంతలో పడమట మబ్బు పట్టింది. చిట్టెమ్మ చాప లోపల పరిచి, మొగుణ్ణి నెమ్మదిగా పడుకోబెట్టింది. తాతాజీ గారు పరుగున వచ్చారు.

"ఎంత పని చేశావమ్మా! అది నమూనా. అందులో మనుషులుంటే ఇల్లయిపోతుంది. అది ఇల్లయితే మీరు ఇల్లు లేనివారు కారు. ఇక మేము సభ ఎవరి గురించి పెట్టుకోవాలి?"

ఆయన మాట పూర్తవుతుండగానే చినుకులు పడ్డాయి. సమాజంలో కలవరం పుట్టింది. తాటాకు తడిసి నల్లబడితే పెద్దమనుషులు ఏమనుకుంటారు? ముసలయ్యను లేపి చెట్టు కింద కూర్చోబెట్టాం. పాకను మందిరంలోకి చేర్చాలన్నారు గానీ ఎలాగో ఎవరికీ తోచలేదు. అదీ చిట్టెమ్మే చెప్పింది. "వరదొత్తే లంకల్లో పాకని ఇలాగే ఎత్తుకుపోతావండి. నడిమి నిట్రాడ పట్టుకోకండి బాబుగారు, ఊడుద్ది. వాసాలు పట్టుకోండి."

పట్టుపంచెలు ఎగ్గట్టి అందరం పట్టాం. చూరు వంచి, పెద్ద గుమ్మంలోంచి లోపలికి చేర్చాం. ప్లీడరు గారు ఆయాసపడుతూ, "పేదరికం ఇంత బరువుంటుందని అనుకోలేదు" అన్నారు. (సాయంత్రం ఉపన్యాసం ఆ మాటతోనే మొదలుపెట్టారు. చప్పట్లు నేను మొదలుపెట్టనక్కరలేకుండానే మోగాయి.)

సభ దిగ్విజయంగా జరిగింది. పెద్దమనుషులు వరసగా వచ్చి, వంగి పాకలోకి తొంగిచూసి కళ్ళు తుడుచుకున్నారు. ఇంత చక్కని పాకను ఏటేటా సభకు పనికొచ్చేలా మందిరంలోనే భద్రపరచాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. చిట్టెమ్మకిచ్చిన మాట సంగతి నేను తాతాజీ గారి చెవిలో వేశాను. "చూద్దామన్నాం, చూశాం కదండీ" అన్నారాయన. నాకు సిగ్గేసిన మాట నిజం. అయితే ఆనాటి కార్యక్రమంలో సిగ్గుకు వేళ కేటాయించలేదు.

అందరూ బళ్ళెక్కి వెళ్ళేసరికి వాన జోరందుకుంది. తలుపు వేయబోతుంటే మెట్ల కింద చిట్టెమ్మ కనబడింది. నెత్తి మీద కొంగు నీళ్ళోడుతోంది. వెనకాల చెట్టు కింద ముసలయ్య చాప కప్పుకుని వణుకుతున్నాడు.

"బాబుగారండి, పాక తడవలేదు కదండి?" అని అడిగింది.

లేదని చెప్పి, లోపలికి జల్లు కొట్టకుండా తలుపు గడియ పెట్టాం.